దుర్గ వెతికి పట్టిన మడి

రామాయమ్మ ట్రంకుపెట్టె మీంచి లేవలేదు.

పొద్దుటి కాఫీ అక్కడే తాగింది. ఇడ్లీ కూడా కోడలు అక్కడికే తెచ్చి చేతిలో పెట్టింది. కొడుకు కూర్చోమన్నాడు, ఆవిడ కూర్చుంది. పెట్టెకి తాళం, పెట్టెలో ఇంటికంతటికీ ఉన్న ఒక్కగానొక్క నెట్ ఫోను, పైన రామాయమ్మ. బ్యాంకు లాకర్లకి కూడా ఇంత కాపలా ఉండదు.

"మామ్మా, నీకు దండం పెడతాను, లెగవే. పదకొండింటికి పోటీ. ఇశాపట్నం నుంచి మేడాలు మాకోసం కూకుని సూస్తారు. ఫోను లేకపోతే నానెలా కనిపిస్తాను?"

"నన్నడక్కు. మీ నాన్ననడుగు. నానైతే కాళ్ళు తిమ్మిరెక్కి సస్తన్నాను."

"మరి లెగు!"

"లెగిస్తే ఆడు నా మీద పడతాడు."

పదో తరగతి చదివే వెంకటదుర్గ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూలబడింది. ఫొటోలన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. రాసుకున్నదంతా ఆ ఫోన్లోనే ఉంది. జిల్లా విద్యార్థుల పరిశోధన పోటీలో స్కూలు మొత్తం మీద తమ జట్టు ఒక్కటే చివరి వరకూ వచ్చింది. ఆదివారం కాబట్టి ఇంటి నుంచే మాట్లాడొచ్చన్నారు. ఆ ఇంట్లో చూస్తే ఫోను జైల్లో ఉంది.

జైలరు మంగరాజు వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మడులు నాతవరంలో ఉన్నా, పిల్ల చదువు కోసం నర్సీపట్నంలో అద్దెకి దిగిన మనిషి. తాండవ కాలవ నీళ్ళ గొడవ ఎప్పుడొచ్చినా రైతులందరికంటే ముందు నిలబడి అరిచే మనిషి. నిన్న సాయంత్రం అరిచిన అరుపు మాత్రం వెళ్ళకూడని చోటికి వెళ్ళింది.

"నా తప్పేటుంది నాన్నా? మా హోంవర్క్ గ్రూపు తెరిసుంటే, సూసుకోకుండా మైకు నొక్కింది నువ్వు."

"తెరిసి ఎందుకొగ్గేవు?"

"అన్నానికి రమ్మన్నారు, ఎల్లేను."

"అదిగో, ఇక నా మీదికి తోసీండి," అని వంటింట్లోంచి అప్పలలక్ష్మి గొంతు. "అన్నానికి పిలిసినందుకు నన్ను కూడా ఆ పెట్టెలో ఎట్టి తాళమేసీండి."

మంగరాజు వసారా ఆ చివరికి నడిచాడు. రైతుల గ్రూపు అనుకుని పంపిన మాటలు పదో తరగతి పిల్లలందరికీ చేరిపోయాయి. "నీటి సంఘం ప్రెసిడెంటు అప్పలకొండ గాడు కాలవంటే ఆడి పెరట్లో కుండీ అనుకుంతన్నాడా? నీరంతా ఆడి మళ్ళే తాగీసి కూకుంతే కిందోళ్ళు మట్టి తినాలా?" అని మొదలైంది. ఆ తర్వాతి మాటలు నలుగురు చదివే పత్రికలో రాసేవి కావు.

ఆ గ్రూపు పిల్లలకి ఒక అలవాటుంది. ఇంటికి ఒకటే ఫోను కాబట్టి దుర్గ పాఠం చెప్పి పంపిన ప్రతిసారీ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ వినేలా స్పీకర్లో పెట్టుకుంటారు. అప్పలకొండ మనవరాలు చిట్టితల్లి కూడా అలాగే పెట్టింది. ఆ పిల్ల దుర్గకి ప్రాణస్నేహితురాలు, ఈ ప్రాజెక్టులో జత. పాపం అప్పలకొండ, మనవరాలితో పాటు కాంతి కిరణాల గురించి విందామని అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. తన గురించి విన్నాడు.

విన్నవాడు ఊరుకుంటాడా? ఊరి వరసకి మంగరాజుకి మావ అయ్యే ఆ పెద్దమనిషి వెంటనే ఫోను చేశాడు. "అల్లుడూ, పిల్లల ముందు నన్ను గాడంతావా? రేపు పొద్దున్న మీ ఇంటికొస్తన్నాను. నా మొకం మీద అను," అని పెట్టేశాడు. అప్పుడు మంగరాజు చేతిలోంచి పెట్టెలోకి వెళ్ళిన ఫోను ఇంకా బయటికి రాలేదు.

"హోంవర్కుకి సాయం కావాలన్నావు, ఫోనిచ్చేను," అన్నాడు మంగరాజు ఎట్టకేలకు. "ఊళ్ళో పిల్లలందరికీ నువ్వు సాయం సెయ్యడమేటి? ఆళ్ళకి మేష్టర్లు లేరా?"

"బళ్ళో ఉన్నారు. ఇంటికొచ్చేక డవుటొస్తే ఎవులున్నారు? కోటవురట్ల పిల్లలకీ, నాతవరం పిల్లలకీ ట్యూషనేటన్నా ఉందా? నెట్లో ఎతికితే ముందు ఏటొస్తాదో తెలుసా నీకు? ‘జవాబు కావాలంటే కార్డు నెంబరు కొట్టు’ అని వస్తాది. రెండోదాంట్లో తప్పుల తడక. మంచివి కిందెక్కడో ఉంతాయి, అవన్నీ ఉచితమే. నాను అయ్యి ఎతికి తీసి ఆళ్ళకి సెప్తన్నాను. అంతే కదా!"

"అంతేలే. దాంతో నా పరువంతా స్పీకర్లో పెట్టేసేరు."

"పరువు నువ్వే పంపించేవు నాన్నా."

రామాయమ్మ పెట్టె మీద కూర్చునే కిసుక్కున నవ్వింది. మంగరాజు తల్లి వైపు ఒక్క చూపు చూశాడు. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూడసాగింది.

దుర్గ లేచి వసారాలోకి వచ్చింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది గానీ ఏడిస్తే టైము వేస్టని మింగేసింది.

"నాన్నా, మా ప్రాజెక్టేటో నీకు తెలుసా?"

"ఏదో నీళ్ళన్నావు."

"మన తాండవ కాలవ. వానలాగిపోయేక వంతులేసి నీళ్ళొగ్గుతారు కదా, ఆ రోజుల్లో ఏ మడికి నీరందిందో, ఏ మడికందలేదో. పైనుంచి తీసిన ఫొటోల్లో తెలిసిపోతాది."

"పైనుంచంటే? ఇమానమా?"

"ఉపగ్రహం. మన నెత్తి మీంచే ఎల్తాది, కొన్ని రోజులకోసారి ఫొటో తీస్తాది. ఆ ఫొటోలు నెట్లో ఎవులైనా సూడొచ్చు, పైసా అడగరు. నీరు తాగిన సేను పచ్చగా కనిపిస్తాది. అందనిది మాసిపోయి కనిపిస్తాది."

మంగరాజు నడక ఆగిపోయింది.

"అందరి మళ్ళూ కనిపిస్తాయా?"

"అందరివీ."

"అప్పలకొండ మడి?"

"తాత మడి మీద గొడుగేటైనా ఏసేడా నాన్నా? అదీ కనిపిస్తాది."

మంగరాజు భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. ఆ మనిషికి ఏదైనా మంచి ఆలోచన తట్టిందంటే తువ్వాలుకి దులుపుడు తప్పదు. ఒక్క అంగలో లోపలికి వచ్చాడు.

"అమ్మా, లెగు."

"నువ్వే కదరా కూకోమన్నావు."

"ఇప్పుడు లెగమంతన్నాను. బేగి లెగమ్మా!"

రామాయమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచేలోగా తాళం తీయడమూ, చీరల మడతల్లోంచి ఫోను లాగడమూ అయిపోయాయి. చార్జింగు అడుగంటిపోయి ఉంది. "చార్జరేదే? అప్పలలక్ష్మీ, చార్జరు!" అని మంగరాజు ఇల్లంతా తిరిగాడు. చార్జరు ఆయన జేబులోనే ఉంది. ముందుజాగ్రత్త కొద్దీ దాన్ని కూడా అరెస్టు చేశాడు.

ఇక ఆయన హడావిడి చూడాలి. నిన్నటి నుంచీ ముఖం మాడ్చుకుని ఉన్న మనిషి పెళ్ళివారింట్లో పెద్దలా తిరిగాడు. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని కుర్చీ అక్కడికి జరిపాడు. ఫోను నిలబెట్టడానికి పప్పు డబ్బా తెచ్చాడు.

"పోటీ సూడ్డానికి లింకేదో ఇచ్చేరన్నావు. ఎవులైనా నొక్కొచ్చా?"

"తల్లిదండ్రులు సూడ్డానికని ఇచ్చేరు నాన్నా."

"మన రైతులంతా తల్లిదండ్రులే కదా. పంపీ."

ఈసారి మంగరాజు గ్రూపు పేరు కూతురి చేత పైకి చదివించాడు. మళ్ళీ చదివించాడు. అప్పుడు మైకు నొక్కాడు. "రైతు సోదరులందరికీ మంగరాజు నమస్కారాలు. మా దుర్గ ఆకాశంలోంచి నీళ్ళ దొంగని పట్టేసింది. ఎవులకి నీరెల్లిందో, ఎవులకి ఎల్లలేదో పదకొండింటికి ఫొటోలతో సహా తేలిపోతాది. అందరూ సూడండి. కింది మళ్ళోళ్ళు తప్పకుండా సూడాల!"

"నాన్నా, దొంగని పట్టడం కాదు ప్రాజెక్టు..."

"నువ్వూరుకో. సంతకి మనోళ్ళొచ్చుంతారు, ఉన్నోళ్ళని ఉన్నట్టు తీసుకొస్తాను. కాజాలు కూడా తెస్తాను," అంటూనే బండి తీశాడు. కూతురు గురించి ఆ మనిషి అంత గర్వంగా మాట్లాడగా దుర్గ ఎప్పుడూ వినలేదు. ఒళ్ళంతా పొంగిపోయింది ఆ పిల్లకి. ఇందాకటి కోపం ఏ గుమ్మంలోంచి వెళ్ళిందో కూడా తెలియలేదు.

*

"అమ్మా, ఒక్కసారి రావే. ముందు నీకు సెప్తాను, ఎలాగుందో సూడు."

అప్పలలక్ష్మి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఏం అర్థమవుతుందో ఏమో గానీ, కూతురు అంత సంబరంగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటుంది?

"మొదట ఎతికినప్పుడు అంతా చెత్తే వచ్చిందమ్మా. ‘నీటి పారుదల ప్రాజెక్టు’ అంటే పది సైట్లలోనూ ఒకటే వ్యాసం. కామాతో సహా ఒకటే. మన తాండవ పేరే లేదు. మా బళ్ళో కనకమహాలక్ష్మి మేడం ఏటన్నారంటే, ‘ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇంకో చోట కూడా అదే తేలిందా చూడు, తేలకపోతే రాయకు’ అన్నారు. అప్పుడు ఎతగ్గా ఎతగ్గా ఈ ఫొటోలు దొరికేయి. ఆ రోజు నానెంత గెంతేనో నీకు గుర్తుందా?"

"గుర్తుంది. పాలు ఒలకబోసేవు."

"అవే ఇవి. ఇదిగో కాలవ. ఇదిగో వంపు. సుట్టూ ఉన్నవన్నీ సూడు, ఎలా మాసిపోయేయో. కిందకెల్తే మరీను, చిట్టితల్లి వాళ్ళ మేనత్తోళ్ళ మళ్ళు మట్టి రంగే. ఇప్పుడు వంపు కాడ ఈ ఒక్క మడి సూడు!"

చిన్న తెర మీద మాసిన మడుల మధ్య ఒక్క ముక్క చిలకపచ్చగా ఉంది.

"వంతు కాని రోజుల్లో కూడా దీనికి నీరొస్తన్నట్టే కదా! నీళ్ళ దొంగ ఇదేనమ్మా!"

అప్పలలక్ష్మి ఆ పచ్చటి ముక్కకేసి చూసింది. చూసి కళ్ళు తిప్పుకుంది.

"అది ఎవులదంతావు?"

"అప్పలకొండ తాతదే అయ్యుంతాది. ఊరంతా అదే అంతన్నారు కదా. పేర్లు రాసే పని చిట్టితల్లిది, అది ఇంకా పంపలేదు. నానే ఇంకో పటం మీద పెట్టి సరిసూసీస్తాను, ఇళ్ళూ దార్లూ కనిపించే పటం."

"ఇప్పుడు సరిసూడకపోతే ఏటి? టైమైపోతంది. జడేస్తాను, రా."

అమ్మ గొంతులో ఏదో తేడా ఉంది. అప్పటికే దుర్గ వేలు రెండో పటాన్ని తెరిచేసింది. కాలవ వంపు దగ్గర చిన్న వంతెన, వంతెన పక్క నుంచి గట్టు దారి, ఆ దారి చివర నీలం రంగు రేకుల షెడ్డు. నాతవరంలో ఆ రంగు షెడ్డు ఇంకెవరికీ లేదు. ఇంటి తలుపులకి వెయ్యగా మిగిలిన రంగు నాన్న దానికి పూస్తుంటే, డబ్బా పట్టుకుని నిలబడింది దుర్గే.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఎవరూ లేవలేదు.

"అమ్మా," అంది దుర్గ. "ఇది మన మడి."

అప్పలలక్ష్మి నేల చూపులు చూసింది. పెట్టె పక్కన చేరగిలబడ్డ రామాయమ్మ తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. రాసిన ఆకుకే మళ్ళీ రాసుకుంటోంది.

"గట్టు కింద గొట్టముంది," అంది అప్పలలక్ష్మి చివరికి. "నువ్వు ఏడో తరగతిలో ఉన్న ఏడు, పొట్ట మీదున్న సేను ఎండిపోతంటే మీ నాన్న ఎట్టేరు. ఒక్క తడికే అన్నారు. మళ్ళీ తియ్యలేదు."

"నీకు తెలుసా?"

"మీ మామ్మకీ తెలుసు."

"మరి నాన్న రోజూ అప్పలకొండ తాతని తిడతన్నాడు కదమ్మా!"

"మీ నాన్నకది దొంగతనమని తోచదే. తన గొట్టం సన్నదనుకుంతారు, ఎదుటోళ్ళ తూమే పెద్దదనుకుంతారు. మడికాడ కూకుని కిందోళ్ళ కోసం నిజంగానే బాధపడతారు. నాను సూసేను."

దుర్గకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఫోను తీసి టీచరుకి చేసింది.

కనకమహాలక్ష్మి టీచరు భౌతిక శాస్త్రం చెబుతుంది. గొంతు పెంచడం ఎరుగదు. దుర్గ మడి ఎవరిదో చెప్పకుండా, పచ్చటి ముక్క ఒకటి దొరికిందని మాత్రమే చెప్పింది.

"ఒక్క ఏడాది ఫొటో చూసి ఎలా అనేస్తావు దుర్గా? ఆ మడి పల్లంలో ఉండొచ్చు, పక్కన ఊట ఉండొచ్చు. ముందు ఏళ్ళవి చూశావా?"

"లేదు మేడం."

"చూడు. నేను లైన్లోనే ఉంటాను."

దుర్గ ఫోను స్పీకర్లో పెట్టి ఫొటోల్లో వెనక్కి వెళ్ళింది. పోయిన ఏడు, వంపు దగ్గర పచ్చగా ఉంది. అంతకు ముందు ఏడూ పచ్చగానే ఉంది. గొట్టానికి ముందు ఏడు తెరిచింది. బొమ్మ మెల్లగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. అది తమ మడి అనీ, తమ గుట్టు అనీ ఆ క్షణంలో ఆ పిల్లకి గుర్తు లేదు. వేలి గోరు కొరుకుతూ ఊపిరి బిగబట్టి చూసింది. వంపు వచ్చింది. మడి వచ్చింది. చుట్టూ ఉన్నవాటిలాగే మాసిపోయి ఉంది.

"దొరికింది మేడం! గొట్టానికి ముందు లేదు, తర్వాతే పచ్చగా ఉంది! ప్రతి ఏడూ అంతే!" అని అరిచి లేచి నిలబడింది. ఆ వెంటనే నాలిక కరుచుకుంది.

"గొట్టమా? ఎవరి గొట్టం?" అంది టీచరు.

"మాదే మేడం. మా నాన్నది."

"నీకు ఏం చెప్పమని నేను చెప్పలేనమ్మా," అంది టీచరు నెమ్మదిగా. "నువ్వు తప్పుకుంటానంటే నేను వాళ్ళతో మాట్లాడతాను. ఒంట్లో బాగా లేదంటాను. ఎవరూ నిన్ను ఏమీ అనరు."

"తప్పుకోను మేడం," అంది దుర్గ. అంత తొందరగా ఎలా అందో తనకే తెలియలేదు.

ఫోను పెట్టగానే అప్పలలక్ష్మి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. "నీ కాళ్ళట్టుకోమంతే పట్టుకుంతాను. ఆ ఫొటో ఒక్కటీ తీసీ. నలుగురిలో ఆయన తలెత్తుకోలేరు."

"అది తీస్తే ప్రాజెక్టే లేదమ్మా."

"పోనీ ఉంచు. ఎవులదంటే తెల్దని సెప్పు. అబద్ధమేటి అందులో? ఇందాకటిదాకా నీకు తెల్దు కదా."

దుర్గ తల్లి ముందు కూర్చుని జడ విప్పుకుంది. అప్పలలక్ష్మి జడ వెయ్యడం మొదలుపెట్టింది. ఎప్పుడూ లేనిది, ఆ జడ వదులుగా వచ్చింది.

*

బండి చప్పుడు, దాని వెనక షేరాటో చప్పుడు, దాని వెనక బోలెడు మాటలు. సంతకొచ్చిన రైతులు సంచులతో సహా వసారాలో దిగబడ్డారు. కింది మళ్ళ మత్స్యలింగం అయితే చెప్పులు విప్పకుండానే, "ఏదీ, దొంగేడీ?" అన్నాడు. మంగరాజు కాజాల పొట్లం విప్పి అందరి చేతుల్లోనూ పెడుతున్నాడు. రామాయమ్మ తన వంతు ముందే తీసుకుంది.

ఇంతలో అప్పలకొండ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, పక్కన బిక్కచచ్చిన ముఖంతో చిట్టితల్లి.

"అల్లుడూ, వచ్చేను. ఇప్పుడను."

"కూకో మావా. కాజా తిను."

"నీ కాజా నాకెందుకు? నిన్న ఏటన్నావో అదే నా మొకం మీద అను. పిల్లలందరూ నన్ను సూసి నవ్వుతన్నారు. మా ఈదిలో చిన్న గుంటలు ‘కుండీ తాత’ అంతన్నారు నన్ను!"

వసారాలో ఎవరో పకపకా నవ్వారు. మత్స్యలింగం దగ్గు తెచ్చుకున్నాడు.

"నానన్నది తప్పయితే నీ కాళ్ళకి దండం పెడతాను మావా, అందరి ముందూను," అన్నాడు మంగరాజు. "రైటయితే నువ్వు ప్రెసిడెంటు పదవొగ్గీ. సరేనా? ఉపగ్రహానికి నువ్వూ ఒకటే, నానూ ఒకటే. దానికి అల్లుడూ లేడు, మావా లేడు."

"సరే!" అని అప్పలకొండ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాను ఒక్క సుక్క ఎక్కువ తాగలేదు. ఏ దేముడి ముందైనా సెప్తాను."

లోపల గదిలో చిట్టితల్లి దుర్గ పక్కకి చేరింది. గొంతు బాగా తగ్గించింది.

"ఏటే, పేర్లు పంపలేదని కోపమొచ్చిందా?"

"ఎందుకు పంపలేదు?"

"వంపు కాడ పేరు రాయలేకపోయేను. మొన్ననే సూసేను, నీలం షెడ్డు. మా తాతకి కూడా సెప్పలేదు. నిన్న మీ నాన్న అన్నన్ని మాటలన్నా సెప్పలేదు, తెలుసా?" చిట్టితల్లి కళ్ళు నిండాయి. "నానెవులకీ సెప్పను. నువ్వెలాగంతే అలాగే. ‘యజమానిని కనుక్కోలేకపోయాం’ అని రాసీమంతావా?"

దుర్గ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. ఫోను తెర వెలిగింది.

"నమస్తే! నాతవరం కాలవ ప్రాజెక్టు మీదేనా? మొదలుపెట్టండి," అంది తెర మీద కళ్ళజోడు మేడం.

చిట్టితల్లి మొదట తడబడింది, ఆ తర్వాత సర్దుకుంది. వంతులు ఎలా వేస్తారో, ఏ తూము ఎప్పుడు తెరుస్తారో గడగడా చెప్పింది. అప్పలకొండ కోపం మరిచిపోయి, "మా మనవరాలే," అని పక్కవాడికి చెప్పుకున్నాడు. దుర్గ వంతు వచ్చింది. ఒకటే వ్యాసం పది చోట్ల దొరికిన సంగతి చెబితే ఆ మేడం గట్టిగా నవ్వింది. ఉచితంగా దొరికే ఫొటోలని ఎలా కనిపెట్టారో, మబ్బు లేని రోజులని ఎలా ఏరుకున్నారో, వెనకటి ఏళ్ళవాటితో ఎలా పోల్చారో చెప్పేటప్పటికి ఇద్దరు మేడాలూ ముందుకి వంగారు. మాట్లాడుతున్న కొద్దీ దుర్గ భయం ఎటో పోయింది. ఎక్కడో అంతరిక్షంలో తిరిగే వస్తువు తమ ఊరి కాలవని కూడా చూస్తుందని చెప్పడం ఆ పిల్లకి ఎంత ఆనందమో! ఆ ఆనందం వినేవాళ్ళకీ అంటుకుంది. వసారాలో రైతులు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు.

"ఇది నీటి సంఘం ప్రెసిడెంటు గారి మడి. ఇది పక్కవాళ్ళది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ మడులకి వంతు ప్రకారమే నీరు అందిందని మాకు తేలింది," అంది దుర్గ.

"ఇన్నారా!" అని అప్పలకొండ లేచాడు. "ఇన్నావా అల్లుడూ!"

మంగరాజు ముఖం ఒక్క క్షణం వాడింది. అంతలోనే తెర మీది పచ్చటి ముక్క ఆయన కంటపడింది. మళ్ళీ వెలిగిపోయింది. "ఉండు మావా, ఇంకా అవలేదు. అదిగో సూడు, అది ఇంకెవుడిదో!"

తెర మీది మేడం కూడా అక్కడికే వచ్చింది.

"చాలా బాగా వెతికారమ్మా. కానీ ఇక్కడ ఈ ఒక్క మడి కొన్నేళ్ళుగా పచ్చగానే ఉంది. కారణం కనుక్కున్నారా? అది ఎవరి మడి?"

చిట్టితల్లి తల దించుకుంది. వంటింటి గుమ్మంలో అప్పలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుర్గ వేలు తెర మీది పచ్చటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

మంగరాజు ఉండబట్టలేకపోయాడు. జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చి, కూతురి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు.

"సెప్పీమ్మా, సెప్పీ. నానున్నాను కదా, ఎవుడికీ బయపడకు. ఆడు ఎంత పెద్దోడైనా సరే, పేరుతో సహా సెప్పీ. కిందోళ్ళ కూడు తిన్నోడెవుడో అందరికీ తెలియాల."

దుర్గ కళ్ళు మూసుకుని తెరిచింది.

"గట్టు కింద గొట్టం వేశారండి. వంతు లేని రోజుల్లో కూడా నీరు వస్తుందండి," అంది. "ఆ మడి మాదండి. మా నాన్నగారిది. మంగరాజు గారిది."

తెర మీది మేడం కళ్ళజోడు తీసింది. వసారాలో మత్స్యలింగం చేతిలో సగం కొరికిన కాజా అలాగే ఉండిపోయింది. అప్పలకొండ నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

దుర్గ భుజం మీద మంగరాజు చెయ్యి ఇంకా ఉంది. వెనక్కి తిరిగి నాన్న ముఖం చూడడానికి మాత్రం ఆ పిల్లకి ధైర్యం చాలలేదు.